118 దగ్గర రావాల్సిన మార్పు 96 దగ్గర వచ్చింది: పొరల అయస్కాంతం మీద రామన్ కొలత, ఎవరైనా చూస్తారా?

కౌశికపాయ (అమలాపురం)
జనవరి 11, రాత్రి 10:42

నమస్తే అండి. ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఆఖరి ఏడాది. ప్రాజెక్టు కోసం వేరే ఊళ్ళో ఒక ల్యాబ్‌లో రెండు నెలలు ఉండి, మొన్ననే పండక్కి ఇంటికొచ్చాను. ఫిబ్రవరి మొదటి వారంలో రిపోర్టు ఇవ్వాలి. డేటా లాప్‌టాప్‌లో ఉంది, టెన్షన్ బుర్రలో ఉంది.

నా శాంపిల్ ఎఫ్‌ఈపీఎస్3. ఇనుము, భాస్వరం, గంధకం కలిసిన పొరల స్ఫటికం. అభ్రకంలాగా రేకులు రేకులుగా ఊడొస్తుంది. టేపుతో ఒలిచి సిలికాన్ ముక్క మీద అంటించి, 532 నానోమీటర్ల పచ్చ లేజర్ కొట్టి, చల్లబరుస్తూ రామన్ స్పెక్ట్రమ్‌లు (తిరిగొచ్చిన కాంతి ఎంత శక్తి పోగొట్టుకుందో చూపే గ్రాఫులు) తీశాను. ఇది యాంటీఫెర్రోమాగ్నెట్. అంటే ఇనుము పరమాణువుల స్పిన్‌లు (ఒక్కోటీ ఒక బుల్లి అయస్కాంతం అనుకోండి) ఒక వరస పైకి, పక్క వరస కిందికి చూస్తుంటాయి. ఒకదాన్ని ఒకటి కొట్టేసుకోవడంతో బయటికి అయస్కాంతంలా కనపడదు. ఈ క్రమం దాదాపు 118 కెల్విన్ కింద ఏర్పడుతుందని పేపర్లన్నీ చెప్తున్నాయి. రామన్‌లో దాని గుర్తు ఏమిటంటే, గది వేడిమిలో 100 సెంటీమీటర్ ఇన్వర్స్ (రామన్‌లో శక్తిని కొలిచే యూనిట్, వేవ్‌నంబర్ అన్నా ఇదే) చుట్టూ దిబ్బలాగా పరుచుకుని ఉండేది కాస్తా, 118 దాటి కిందికి రాగానే 88, 95 దగ్గర సన్నటి పీకులుగా లేస్తుంది.

నాకూ లేచాయి. కాకపోతే 2 డిగ్రీల చొప్పున దించుకుంటూ వస్తే 98లో లేవు, 96లో ఉన్నాయి. మూడు సార్లు చూశాను. ల్యాబ్‌లో సీనియర్ ఒకాయన "థర్మామీటర్ తేడా ఉంటుందిలే, అన్నిటికీ 22 కలిపెయ్, గ్రాఫ్ సరిపోద్ది" అన్నారు. నాకు కలపబుద్ధి కావట్లేదు.

రెండో డౌట్. బాగా చల్లబడ్డాక 122 దగ్గర ఇంకో చిన్న పీక్ కనిపించింది. ఇది మాగ్నానా (స్పిన్‌లలో లేచే అల), ఫోనానా (పరమాణువుల కంపనం)? రిపోర్టులో ఏమని రాయాలి?

---

గోదారికబుర్లు (రావులపాలెం)
జనవరి 11, రాత్రి 11:05

ఆయ్, భోగి మంటకి ఇంకో రెండు రోజులుందండి. కెల్విన్లు అప్పుడు చూసుకోవచ్చు. ముందు ఇది చెప్పండి. అయస్కాంతమో కాదో తెలియాలంటే పక్కన గుండుసూది పెడితే సరిపోదా? లేజర్లెందుకు?

---

లేజర్‌పిట్ట (సొంతూరు తణుకు, ఇప్పుడు పోస్ట్‌డాక్)
జనవరి 12, ఉదయం 7:18

వెటకారమైనా మంచి ప్రశ్నే. దానికే ముందు జవాబు చెప్తాను.

గుండుసూది యాంటీఫెర్రోకి అంటుకోదు. బయటికి వచ్చే అయస్కాంతత్వం సున్నా కదా. కెర్ ఎఫెక్ట్ అని ఒకటుంది. అయస్కాంతం మీద పడి తిరిగొచ్చిన కాంతి పోలరైజేషన్, అంటే కాంతి తరంగం ఊగే దిశ, కొద్దిగా తిరుగుతుంది. 2017లో క్రోమియం అయొడైడ్ ఒక్క పొర కూడా 45 కెల్విన్ కింద అయస్కాంతమేనని పట్టుకున్నది దాంతోనే. కానీ మామూలు కెర్ కొలతకి నికరంగా ఒకవైపు మొగ్గు ఉండాలి. పైకీ కిందికీ సమానంగా ఉంటే అది గుడ్డిది.

న్యూట్రాన్లు అయితే స్పిన్‌ల అమరికని నేరుగా చూస్తాయి. యాంటీఫెర్రో సంగతి బయటపెట్టిందే అవి. వాటితో చిక్కల్లా సరుకు కావాలి, కంటికి కనిపించేంత స్ఫటికం కావాలి. ఈ అమ్మాయి టేపుతో ఒలిచిన రేకు పది మైక్రాన్ల పొడవు, పది మైక్రాన్ల వెడల్పు, ఒకే పొర మందం ఉందనుకోండి. దాని బరువు గ్రాములో లక్ష కోట్ల వంతు కూడా ఉండదు. న్యూట్రాన్లు దాన్ని పట్టించుకోకుండా వెళ్ళిపోతాయి.

లేజర్‌కి ఆ ఇబ్బంది లేదు. చుక్క సైజే ఒక మైక్రాన్. రేకు అంతకంటే పెద్దదైతే చాలు. ఈ ఎఫ్‌ఈపీఎస్3 ఒక్క పొర మందంలో కూడా దాదాపు 118 దగ్గరే క్రమంలోకి వస్తుందని 2016లో రామన్‌తోనే చూపించారు.

కౌశికా, నీ డేటా సాయంత్రం చూస్తాను. పోలరైజేషన్ ఏది పెట్టావు, ఎంత పవర్ వాడావు, రాయి.

---

పూతరేకు (ఆత్రేయపురం)
జనవరి 12, ఉదయం 8:02

పొరలు అనగానే మా ఊరు గుర్తొచ్చి లోపలికొచ్చాను. నేను కామర్స్. అసలు కాంతి వెళ్ళి కొట్టుకుని వస్తే లోపల సంగతి ఎలా తెలుస్తుందో మాలాంటోళ్ళకి అర్థమయ్యేలా ఎవరైనా చెప్పండి.

---

విశ్రాంతమాస్టారు (కాకినాడ)
జనవరి 12, ఉదయం 9:30

కామర్స్ అంటున్నావు కాబట్టి డబ్బుల లెక్కలో చెప్తాను బాబూ.

కోటిపల్లి రేవులో పంటు ఎక్కి ముక్తేశ్వరం వెళ్ళొచ్చావనుకో. అందరూ ఇంటి దగ్గర జేబులో సరిగ్గా 100 రూపాయలు పెట్టుకునే బయల్దేరారు. తిరిగొచ్చినవాళ్ళ జేబులు నేను తడుముతాను. ఎక్కువమంది దగ్గర 100కి 100 ఉంటాయి, గట్టు మీదే నిలబడి వెనక్కొచ్చేసినవాళ్ళు. ఎక్కడో ఒకడి దగ్గర 88 ఉంటాయి, ఇంకొకడి దగ్గర 93. అవతలి ఒడ్డు నేను చూడకపోయినా అక్కడ 12 రూపాయల వస్తువొకటి, 7 రూపాయల వస్తువొకటి అమ్ముతున్నారని తెలిసిపోతుంది. కాంతి కణం స్ఫటికంలోకి వెళ్ళి అక్కడ ఒక కంపనాన్ని లేపితే, దానికి అయిన ఖర్చు దాని శక్తిలో తగ్గుతుంది. రంగు రవంత ఎరుపు వైపు జరుగుతుంది. అమ్మాయి చెప్పిన 122 పీక్ అంటే 532 నానోమీటర్లతో వెళ్ళిన కాంతి సుమారు 535.5 అయి తిరిగి రావడం. అలా ఖర్చుపెట్టుకొచ్చే కణాలు కోటికి ఒకటో రెండో. ఆ ఒక్కదాన్ని ఏరడానికే ఆ యంత్రాలన్నీ.

దీన్ని రామన్, కె.ఎస్. కృష్ణన్ కలకత్తాలో 1928 ఫిబ్రవరి 28న పట్టుకున్నారు. రామన్ చిన్నప్పుడు చదివింది మన విశాఖపట్నంలోనే. ఆయన దగ్గర పనిచేసిన సూరి భగవంతం గారిది ఆగిరిపల్లి. ఏ స్ఫటికంలో ఏ కంపనం రామన్‌లో కనిపిస్తుంది, ఏది దాక్కుంటుంది అన్న లెక్క గ్రూప్ థియరీతో (సౌష్ఠవాల గణితంతో) కట్టే పని ఆయన వాల్తేరులో ఉండగా ఎంతో చేశారు. నేను ఎమ్మెస్సీలో ఆ పట్టికలు బట్టీపట్టినవాణ్ణే.

చాలామందికి తెలియని సంగతి ఇంకోటి. కృష్ణన్ ఆ తర్వాత చేసిన గొప్ప పని స్ఫటికాల అయస్కాంత ధర్మాల మీదే. 1930ల్లో గ్రాఫైటుని పొరల వెంబడి ఒకలా, పొరలకు అడ్డంగా ఒకలా కొలిచి, రెండిటికీ ఎంత తేడా ఉందో చూపించారు. కాంతి పరిక్షేపణం, పొరల స్ఫటికం, అయస్కాంతత్వం మూడూ ఒకే మనిషి చేతిలో ఉన్నాయి. ఆయన రెండిటినీ కలిపి చూసే రోజు అప్పటికి రాలేదంతే.

అమ్మాయ్, నీ 122 సంగతి. క్రమం ఏర్పడ్డాకే కనిపించింది కాబట్టి అది అయస్కాంతత్వానిదే, మాగ్నానే. ధైర్యంగా రాసెయ్.

---

లేజర్‌పిట్ట
జనవరి 12, మధ్యాహ్నం 1:44

> క్రమం ఏర్పడ్డాకే కనిపించింది కాబట్టి అది మాగ్నానే

మాస్టారూ, క్షమించాలి, ఇక్కడ మాత్రం ఒప్పుకోలేను. ఆ లెక్కన 88, 95 కూడా మాగ్నాన్లే అవ్వాలి. అవి ఫోనాన్లు, అంటే పరమాణువుల కదలికలే.

క్రమం వచ్చాకే ఎందుకు కనిపిస్తున్నాయంటే, కొబ్బరితోట ఊహించుకోండి. చెట్లన్నీ సమానమైన ఎడంలో ఉన్నాయి. తోట ఒక చెట్టు దూరానికే మళ్ళీ మొదలైనట్టుంటుంది. ఇప్పుడు ఒక వరస మొదళ్ళకి సున్నం, పక్క వరసకి ఎర్రమన్ను పూశారు. చెట్టు ఒక్కటీ కదల్లేదు. కానీ తోట మళ్ళీ మొదలయ్యే దూరం రెట్టింపైంది. ఎఫ్‌ఈపీఎస్3లో పైకి చూసే స్పిన్‌ల వరస, కిందికి చూసే స్పిన్‌ల వరస ఇలాగే పరుచుకుంటాయి. స్ఫటికం పాతదే, దాని యూనిట్ సెల్ (మళ్ళీ మళ్ళీ వచ్చే గడి) మాత్రం అయస్కాంతం దృష్టిలో రెట్టింపు. అంతకుముందు పక్కపక్క సెల్‌లు ఒకటి ఇటు, ఒకటి అటు ఊగే కంపనాలు రామన్‌కి కనపడేవి కావు. ఇప్పుడు ఆ రెండు సెల్‌లూ ఒకే పెద్ద సెల్‌లోకి వచ్చేసరికి అవి కూడా కనపడే జాబితాలోకి వచ్చేస్తాయి. వీటినే మడతపడ్డ ఫోనాన్లు అంటాం. కనపడటానికి కారణం అయస్కాంతత్వం, కనపడేది మాత్రం కంపనం.

మాగ్నాన్ సంగతి వేరు. అది స్పిన్‌లలో లేచే అల. పరమాణువు కదలదు, దాని స్పిన్ దిశ ఊగుతుంది, ఆ ఊపు పక్కదానికి పాకుతుంది. కాంతితో మాగ్నాన్‌ని లేపవచ్చని 1966లోనే ఐరన్ ఫ్లోరైడ్ స్ఫటికంలో చూశారు.

రెండిటినీ విడదీయాలంటే ఒకటే గట్టి పరీక్ష. బయటి నుంచి అయస్కాంత క్షేత్రం పెట్టు. మామూలు ఫోనాన్ పీక్ ఉన్నచోటే ఉంటుంది. మాగ్నాన్ పీక్ జరిగి తీరాలి. స్పిన్‌కి జి విలువ (క్షేత్రానికి ఎంత స్పందిస్తుందో చెప్పే సంఖ్య) 2 అనుకుంటే ఒక టెస్లా క్షేత్రానికి 0.93 వేవ్‌నంబర్లు. ఎఫ్‌ఈపీఎస్3 లాంటి దాంట్లో రెండు మాగ్నాన్లు ఒకే చోట ఉంటాయి కాబట్టి ఒకటి పైకి, ఒకటి కిందికి చీలతాయి. 9 టెస్లాల దగ్గర 122 పీక్ కాస్తా సుమారు 114, 130గా విడిపోవాలి. ఈ పీక్‌ని నిజంగా అలా చీల్చి చూపించారు. అది మాగ్నానే, మాస్టారు చెప్పిన జవాబు కరెక్టే. ఒప్పుకోలేనిది ఆయన చెప్పిన కారణమే.

ఈ జాగ్రత్త చాదస్తం కాదండి. క్రోమియం అయొడైడ్‌లో 76, 125 చుట్టూ ఉన్న పీకుల్ని 2018లో మాగ్నాన్లన్నారు. చల్లబరిస్తే వస్తున్నాయి, వేడెక్కితే పోతున్నాయి, అంతా బాగుంది. తర్వాత ఇంకొకళ్ళు క్షేత్రం పెట్టి చూస్తే అవి మాగ్నాన్ జరగాల్సినట్టు జరగలేదు. అయస్కాంత క్రమంతో ముడిపడ్డ ఫోనాన్లుగా లెక్కగట్టారు. అందులో అసలు మాగ్నాన్ 2.4 వేవ్‌నంబర్ల దగ్గర, లేజర్ గీతకి అంటుకుపోయినంత దగ్గర్లో, 2021లో గానీ దొరకలేదు.

---

విశ్రాంతమాస్టారు
జనవరి 12, మధ్యాహ్నం 2:20

ఒప్పుకున్నాను. మా రోజుల్లో తొమ్మిది టెస్లాలంటే బొమ్మ చూసి సంతోషించడమే. తోట ఉదాహరణ బాగుంది, మా ఆవిడకి చెప్తే ఆవిడకీ అర్థమైంది.

---

కౌశికపాయ
జనవరి 12, సాయంత్రం 5:51

ఇద్దరికీ థాంక్సండి. మాకు అక్కడ మాగ్నెట్ లేదు, చల్లబరిచే క్రయోస్టాట్ ఒక్కటే. లేజర్ 1 మిల్లీవాట్, ఒక్కో స్పెక్ట్రమ్‌కి రెండు నిమిషాలు. సిలికాన్ 520 పీక్‌తో వేవ్‌నంబర్ సరిచూసుకున్నాను, అందులో తేడా లేదు. థర్మామీటర్ కూడా ఈమధ్యే క్యాలిబ్రేట్ చేశారట, సర్టిఫికెట్ గోడకి ఉంది. అందుకే ఆ 22 ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియట్లేదు.

---

చెరువుగట్టు (భీమవరం)
జనవరి 12, రాత్రి 8:36

అమ్మా, నేను రొయ్యల రైతుని. ఎప్పుడో బీఎస్సీ ఎంపీసీ. మీ మాటల్లో సగం అర్థం కాలేదు గానీ ఒకటి అడుగుతాను. మీ థర్మామీటర్ ఎక్కడ పెట్టారు?

ఎందుకంటే మాకు ఇది రోజూ ఉండే గొడవ. తెల్లారగట్ల నాలుగింటికి చెరువు దగ్గరికెళ్ళి డీవో, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, చూస్తాం. మీటరు గట్టు పక్కన పైపైన ముంచితే 5 చూపిస్తది. కుర్రాడు 5 అని పుస్తకంలో రాసి పడుకుంటాడు. రొయ్య ఉండేది అడుగున. అక్కడ 2.5 ఉంటది. మీటరు తప్పు చెప్పలేదు, క్యాలిబ్రేషన్ బాగానే ఉంది. అది ఉన్నచోటు సంగతే అది చెప్పింది. ఒకసారి అలాగే ఏరియేటర్ వెయ్యకుండా ఊరుకుని ఒక చెరువు పోగొట్టుకున్నాను.

మీ లేజర్ తగిలే చుక్క దగ్గర థర్మామీటర్ ఉందా, ఇంకెక్కడన్నా ఉందా?

---

కౌశికపాయ
జనవరి 12, రాత్రి 8:49

బాబాయ్ గారూ... థర్మామీటర్ రాగి దిమ్మలో ఉంది. శాంపిల్ దాని మీద, సిలికాన్ ముక్క పైన, పలచటి రేకు. లేజర్ పడేది ఆ రేకు మీద.

---

లేజర్‌పిట్ట
జనవరి 12, రాత్రి 9:27

చెరువుగట్టు గారూ, దండం పెడుతున్నా. పొద్దున పవర్ ఎంత అని అడిగి, జవాబు వచ్చాక చూసుకోలేదు నేను. అదే రోగం.

1 మిల్లీవాట్ అంటే చిన్నదే. కానీ దాన్ని ఒక మైక్రాన్ చుక్కలోకి కుదించాం. విస్తీర్ణంతో భాగిస్తే మన మిట్టమధ్యాహ్నపు ఎండకి పది లక్షల రెట్లకు పైనే. ఎఫ్‌ఈపీఎస్3 పచ్చ కాంతిని కొంత పీల్చుకుంటుంది. పీల్చుకున్న వేడి కిందికి దిగాలంటే పొర నుంచి పొరకి దాటాలి. పొరల మధ్య పట్టు బలహీనం, పూతరేకుల మడతల మధ్య గాలి ఉన్నట్టే. ఆపైన సిలికాన్ మీద ఆక్సైడ్ పూత ఒకటి, అదీ వేడిని సరిగ్గా పోనివ్వదు. రేకు కింద గాలిబుడగ ఉంటే చెప్పక్కర్లేదు.

దిశ కూడా సరిపోయింది చూడండి. చుక్క దిమ్మ కంటే వేడిగా ఉంటుంది. చుక్క 118కి దిగేసరికి దిమ్మ అంతకంటే బాగా కిందికి వెళ్ళిపోయి ఉంటుంది. అందుకే థర్మామీటర్ 96 అన్నప్పుడు మార్పు కనిపించింది.

కౌశికా, తక్కువ పవర్‌లో తీసిన డేటా ఏమన్నా ఉందా? ఒక్కటైనా?

---

గోదారికబుర్లు
జనవరి 12, రాత్రి 9:40

అంటే లేజరే శాంపిల్‌కి భోగిమంట వేసింది. నేను ముందే చెప్పా.

---

కౌశికపాయ
జనవరి 13, తెల్లవారుజాము 4:55

భోగి. ఇంట్లో అందరూ మంట దగ్గర ఉన్నారు, నేను ఫోల్డర్లు వెతుకుతున్నాను. దొరికింది!

ఒక సాయంత్రం వేరే వాళ్ళ శాంపిల్ కాలిపోతుందని లేజర్ దారిలో సగం ఆపే ఫిల్టర్ పెట్టారు. నేను తియ్యడం మర్చిపోయి అలాగే రన్ చేశాను. సిగ్నల్ తక్కువ వచ్చిందని ఆ ఫైలుకి "వేస్ట్" అని పేరు పెట్టాను. 0.5 మిల్లీవాట్. అందులో 108లో పీకులు లేవు, 106లో ఉన్నాయి.

1 మిల్లీవాట్‌లో 96, 98 మధ్య. సగం పవర్‌లో 106, 108 మధ్య. సగం తగ్గిస్తే 10 పెరిగింది. ఇంకో సగం కూడా తీసేస్తే, అంటే లేజరే లేదనుకుంటే, ఇంకో 10. మొత్తం 117!

---

లేజర్‌పిట్ట
జనవరి 13, ఉదయం 8:10

భేష్. కానీ కాస్త ఆగు. రెండు చుక్కల గుండా గీత ఎప్పుడైనా పోతుంది. గీత నిజంగా తిన్ననిదేనా అని చెప్పేది మూడో చుక్క. పైగా రేకు వేడిని లాగే శక్తి వేడిమితో మారుతుంది కాబట్టి కచ్చితంగా తిన్నగా ఉండాలనీ లేదు. 0.1లో ఎవరిచేతనైనా తీయించు. నీ గీత నిజమైతే 115 చుట్టూ రావాలి.

ఇంకో దారి కూడా ఉంది. కాంతి ఖర్చుపెట్టుకుని రావడమే కాదు, అప్పుడప్పుడు స్ఫటికంలో అప్పటికే ఊగుతున్న కంపనం నుంచి సంపాదించుకుని కూడా వస్తుంది. యాంటీ స్టోక్స్ అంటాం. ఎంత వేడిగా ఉంటే అంత ఎక్కువ. 88 పీక్ తీసుకుంటే ఖర్చు వైపు ఎత్తు, సంపాదన వైపు ఎత్తుకి సుమారు 2.9 రెట్లుంటే చుక్క 118 దగ్గర ఉన్నట్టు. 5.2 రెట్లుంటే 77 దగ్గర, అంటే ద్రవ నైట్రోజన్ వేడిమి. కాంతి తానే చెప్పే థర్మామీటర్, అదీ సరిగ్గా రొయ్య ఉన్నచోట. మీ సెటప్‌లో రెండు వైపులా కనిపిస్తాయా?

---

కౌశికపాయ
జనవరి 13, ఉదయం 8:31

లేదండి, ఎడ్జ్ ఫిల్టర్. ఆ వైపు మొత్తం కోసేస్తుంది. 0.1 కోసం అక్కడున్న ఫ్రెండ్‌ని అడుగుతాను.

---

పూతరేకు
జనవరి 13, ఉదయం 10:15

ఒక సందేహం. 96కి 22 కలిపితే 118. మీరింత తిప్పలు పడి తెచ్చింది 117. సీనియర్ చెప్పిందీ అదే కదా? ఒక్క డిగ్రీ కోసమా ఇదంతా?

---

విశ్రాంతమాస్టారు
జనవరి 13, ఉదయం 11:02

నువ్వు కామర్స్ కదా, క్యాష్ పుస్తకం టాలీ కావట్లేదని తేడా మొత్తం "ఇతర ఖర్చులు" కింద వేసేస్తే ఆడిటర్ ఏమంటాడు?

ఆయన అన్నది థర్మామీటర్ తప్పని. అదే నిజమైతే పవర్ ఎంతైనా 22 తేడానే ఉండాలి. సగం పవర్ ఫైలుకి 22 కలిపి చూడు, 129 వస్తుంది. లేని ట్రాన్సిషన్ ఒకటి పుట్టుకొస్తుంది. పైగా ఈ అమ్మాయి 122 పీక్ వేడిమితో ఎలా జరుగుతుందో గ్రాఫ్ గీయాలి. ప్రతి చుక్కకీ గుడ్డిగా 22 కలిపితే ఆ గ్రాఫ్ మొత్తం వంకర. బాగా చల్లగా ఉన్నప్పుడు లేజర్ వల్ల పెరిగే వేడి అదే 22 ఉండాలని ఏముంది?

---

చెరువుగట్టు
జనవరి 13, మధ్యాహ్నం 12:40

మా కుర్రాడూ అంతే. 5 రాసినచోట 2.5 తగ్గించి రాస్తే సరిపోద్దిగా అన్నాడు. ఎండ కాసే మధ్యాహ్నం లెక్క వేరు, మబ్బు పట్టిన రోజు లెక్క వేరు.

నాది ఇంకో ప్రశ్న. ఈ స్ఫటికాలు మన వాతావరణంలో నిలుస్తాయా? ఇక్కడ ఉప్పుగాలికి మోటార్లే ఏడాది తిరక్కుండా తుప్పు పడుతున్నాయి.

---

లేజర్‌పిట్ట
జనవరి 13, మధ్యాహ్నం 3:05

ఎఫ్‌ఈపీఎస్3 కాస్త మొండిది, బయట పెట్టి ఒలిచినా తట్టుకుంటుంది, మరీ పలచటి రేకులకి మాత్రం జాగ్రత్త కావాలి. క్రోమియం అయొడైడ్‌తో అసలు కుదరదు. పలచటి రేకుకి తేమ గాలి తగిలితే నిమిషాల్లో పాడవుతుంది. దాన్ని ఆర్గాన్ నింపిన గ్లవ్‌బాక్స్‌లో ఒలిచి, పైనా కిందా బోరాన్ నైట్రైడ్ రేకులు కప్పి, అప్పుడు బయటికి తీస్తారు. వానాకాలంలో మా ఊళ్ళో చేస్తే లేజర్ దాకా కూడా రాదు. ఉపయోగమేమిటని గోదారికబుర్లు గారు ఎలాగూ అడుగుతారు కాబట్టి ముందే చెప్తున్నా. వీటితో రేపే ఫోన్ చిప్ తయారవదు. ఇవన్నీ బాగా చల్లటి చోటే అయస్కాంతాలు. నా మటుకు నాకు వేరే కారణం ఉంది.

స్పిన్‌లు ఏ దిశకైనా స్వేచ్ఛగా తిరగగలిగితే, రెండు కొలతల్లో, అంటే ఒక్క పొరలో, సున్నా కెల్విన్ పైన అవి క్రమంలో నిలబడలేవని 1966లో మెర్మిన్, వాగ్నర్ లెక్కలో నిరూపించారు. స్పిన్‌కి పైకి, కిందికి అని రెండే దారులుంటే నిలబడతాయని అంతకుముందే 1944లో ఆన్సాగర్ లెక్కతో తేలింది. ఎఫ్‌ఈపీఎస్3 ఈ రెండో రకం. అందుకే ఒక్క పొర మిగిలినా లొంగలేదు. దాని అన్నదమ్ముడు, ఇనుము బదులు నికెల్ ఉన్న ఎన్‌ఐపీఎస్3లో స్పిన్‌లు పొర తలంలోనే దాదాపు ఎటైనా తిరగగలవు. మందంగా ఉన్నప్పుడు 155 దగ్గర క్రమంలోకి వస్తుంది, ఒక్క పొర దగ్గరికొచ్చేసరికి ఆ క్రమం అణగారిపోయిందని 2019లో రామన్‌తోనే చూశారు. కాగితం మీద దశాబ్దాలుగా ఉన్న సంగతి టేపు ముక్క మీద కళ్ళముందు జరుగుతుంటే చూడాలనిపించదా?

---

గోదారికబుర్లు
జనవరి 13, మధ్యాహ్నం 3:22

నేను అడగబోయింది లాప్‌టాప్ బ్యాటరీ సంగతి. సర్లెండి, బాగుంది.

---

మోడరేటర్
జనవరి 16, ఉదయం 9:00

కోడిపందేల పోస్టులు నాలుగు ఇక్కణ్ణుంచి తీసేశాం. వాటికి వేరే చర్చ ఉంది.

---

కౌశికపాయ
జనవరి 29, రాత్రి 11:12

అప్‌డేట్. ఫ్రెండ్ నా పాత రేకు మీదే, అదే చోట, 0.1 మిల్లీవాట్‌లో తీసి పంపింది. పదో వంతు వెలుగు కాబట్టి ఒక్కో స్పెక్ట్రమ్‌కి 20 నిమిషాలు పట్టిందట. రాత్రంతా కూర్చుంది, దానికి తాపేశ్వరం కాజా బాకీ పడ్డాను. 116లో లేవు, 114లో ఉన్నాయి.

మూడు చుక్కలూ గీత మీదే కూర్చున్నాయి. కింద గ్రాఫ్ పెట్టాను.

122 గురించి ఇలా రాశాను: "వేడిమి పెరిగేకొద్దీ ఈ పీక్ తగ్గుతూ, తక్కువ వేవ్‌నంబర్ల వైపు జరుగుతూ, ట్రాన్సిషన్ దగ్గరికి వచ్చేసరికి మాయమవుతోంది. పక్కనున్న ఫోనాన్లు ఇంతగా జరగడం లేదు. ఇది మాగ్నాన్ అనడానికి అనుకూలంగా ఉంది. క్షేత్రంలో చీలిక మేము కొలవలేదు. ఇతరులు కొలిచారు."

సీనియర్‌కి కూడా గ్రాఫ్ పంపాను. "ఓ, పవరా" అని ఒక్క మాట రాశారు. రిపోర్టు చివర థాంక్స్‌లో "భీమవరం రొయ్యల రైతు" అని పెట్టనా అని గైడ్ సార్‌ని అడిగాను. నవ్వి, పెట్టమన్నారు.

---

చెరువుగట్టు
జనవరి 30, ఉదయం 5:20

పెట్టమ్మా. చెరువు పేరు కూడా రాయి, అది పోయిన చెరువే. 3వ నంబరు.

---

లేజర్‌పిట్ట
జనవరి 30, ఉదయం 7:45

122 పేరా బాగా రాశావు, ఒక్క ముక్క మార్చక్కర్లేదు. వైవాలో పోలరైజేషన్ అడుగుతారు. మాగ్నాన్ సాధారణంగా లోపలికి పంపిన పోలరైజేషన్‌కి అడ్డంగా పెట్టి చూసినప్పుడు బాగా వస్తుంది, ఎందుకో చదువుకుని వెళ్ళు.

---

విశ్రాంతమాస్టారు
జనవరి 30, ఉదయం 10:08

గ్రాఫ్ చూశాను అమ్మాయ్. ముచ్చటగా ఉంది. నిలువు గీత మీద కెల్విన్ రాశావు, అడ్డ గీత మీద యూనిట్ రాయలేదు. వాట్లా, మిల్లీవాట్లా? ఎగ్జామినర్ నాలాంటివాడైతే అక్కడే రెండు మార్కులు పోతాయి. ఇవాళే దిద్దు.